అరుగు, ఒకటి

నిన్న ఉదయం మున్సిపాలిటీ మనిషి వచ్చి మా ఇంటి గుమ్మానికి కొత్త నంబరు పలక బిగించి వెళ్లాడు. దాని మీద వార్డు నంబరు ఉంది, ఊరి పేరు లేదు. సిద్దిపేట అంచున ఉన్న మా ఊరు పట్టణంలో కలిసి ఏళ్లు గడిచాయి. అయినా ఆ పలకను చూడగానే మా మేనత్త గుర్తొచ్చింది. అప్పట్లో ఆమె పంచాయతీ వార్డు మెంబరు. ఊరిని పట్టణంలో కలపాలని గొంతు చించుకున్నవాణ్ని నేను.

గ్రామసభలో అరగంట మాట్లాడాను. పంచాయతీకో అర్జీ, మండలానికో అర్జీ, జిల్లాకో అర్జీ అంటూ మనిషి ఎన్ని మెట్లెక్కాలి, నిలదీయడానికి ఒక్క చోటు చాలదా అని అడిగాను. ఊరి పేరు పోతుందని బాధపడినవాళ్లను, పేరు అన్నం పెడుతుందా అని కూడా అన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి, తీర్మానానికి చేతులూ లేచాయి. అత్త మాత్రం చేయెత్తలేదు. సభ అయ్యాక, "మంచిగ మాట్లాడినవ్ అల్లుడా. గని రేపటి సంది గీ అరుగు ఎవలది?" అంది.

పంచాయతీ ఆఫీసు ముందరి అరుగు అది. అత్తతో పాటు పదిమంది ఆడవాళ్లు పొద్దంతా అక్కడే బీడీలు చేసేవారు. ఇళ్లలో వెలుతురు తక్కువ, పైగా ఒంటరిగా కూర్చుంటే చేయి సాగదు. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, నోట్లో ఊరందరి సంగతులు. ఆ ఘాటుకు సెక్రటరీ తుమ్ముతూనే ఫైళ్లు రాసేవాడు. ఆఫీసులోకి రావడానికి జంకే ముసలమ్మలు ముందు వీళ్లకు చెప్పుకునేవారు. వీళ్లు కిటికీలోంచి సెక్రటరీని కేకేసేవారు. నిజానికి ఊరి పనులు సగం అలాగే తెమిలేవి.

పంచాయతీని పట్టణానికి అప్పగించే రోజు రిజిస్టరులో ఆస్తుల జాబితా రాస్తున్నారు. ట్రాక్టరు, బోర్లు, విరిగిన కుర్చీలు. అత్త వచ్చి బల్ల ముందు నిలబడింది.

"మమ్ముల గూడ రాయి సారూ."

"మనుషులను ఆస్తుల్ల రాయరక్కా!" అన్నాడు సెక్రటరీ.

"కాలిరిగిన కుర్చీని రాస్తివి. పదేండ్ల సంది గీడ కూసున్నోళ్లం కనవడ్తలేమా?"

పక్కనే ఉన్న నేను ఊరుకోలేదు. మనుషులు ఎవరి ఆస్తీ కారు, అది బానిసల కాలం నాటి మాట అని ఆమెకు పాఠం చెప్పాను. అత్త తంబాకు చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మనుషులను రాయకుంటే పాయె. కూసునుడు రాయిన్రి."

గొడవెందుకని సెక్రటరీ చివర్లో రాశాడు: అరుగు, ఒకటి, పగలు బీడీలు చేసే మహిళలు కూర్చుండుటకు. పట్టణం నుంచి వచ్చిన అధికారి చదవకుండానే సంతకం పెట్టాడు. నేను లోలోపల నవ్వుకున్నాను.

పంచాయతీ ఆఫీసు వార్డు ఆఫీసైంది. ఆరు నెలలకు అదే అధికారి అరుగు చుట్టూ ఇనుప జాలీ పెట్టించడానికి మేస్త్రీతో వచ్చాడు. "లేవండమ్మా, ఇది ఆఫీసు" అన్నాడు. కొందరు చాటలెత్తుకుని లేచారు కూడా. అత్త కదల్లేదు.

"లేస్తం సారూ. ముందుగల్ల మీ రిజిస్టర్ల ఆఖరి వరుస సదువున్రి."

పన్ను కట్టడానికొచ్చి అక్కడే ఉన్నాను; గుమాస్తాను అడిగి బీరువాలోంచి రిజిస్టరు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది నేనే. చదివి నవ్వాడు. కింద తన సంతకం చూసి నవ్వు ఆపాడు. కాసేపు గడ్డం గోక్కుని, జాలీ లోపలి తలుపుకు పెట్టమని మేస్త్రీకి చెప్పాడు. లేచినవాళ్లు మళ్లీ కూర్చున్నారు. అత్త చాట పక్కకు జరిపి, "నిలవడి మాట్లాడి మాట్లాడి అలసినవ్, జర కూసో అల్లుడా" అంది. అన్నేళ్లలో ఆ అరుగు మీద నేను కూర్చున్నది అదే మొదటిసారి.

ఊరు కలవడం మంచిదేనని ఇప్పటికీ వాదిస్తాను. నా అరగంట ఉపన్యాసంలో ఒక్క మాట ఎవరికీ గుర్తు లేదు. అత్త కూడా పోయింది. ఇప్పుడక్కడ బీడీలు చేసే కోడళ్లలో కొందరికి ఆమె ఎవరో తెలియదు. కాలం ఆమె పేరును తీసుకుపోయింది గానీ, ఆమె పట్టుబట్టి నిలిపిన చోటును మాత్రం వాళ్ల కిందే ఉంచింది.