పోయింది అనకూడని కొట్టు

మొన్న ఆదివారం వంటింట్లో చారుకు పోపు పెడుతుంటే, హాల్లోంచి పాత కేసెట్టు తిరిగేటప్పుడు వచ్చే సన్నని గరగర వినిపించింది. ఆ వెనకే ఒక మగ గొంతు, "అమ్మాయ్, వస్తోందా?" అంది. గరిటె నా చేతిలో అలాగే ఉండిపోయింది. మా అమ్మాయి నా పాత హార్డ్ డిస్కును లాప్‌టాప్‌కు తగిలించి ఏవో పాటలు వెతుకుతోంది. "ఎవరమ్మా ఈయన?" అని అక్కణ్ణుంచే కేకేసింది. పోపు మాడుతున్న వాసన వస్తే, ముందు మంట తగ్గించాను.

ఆయన వీర్రాజు గారు. విశాఖ ద్వారకా నగర్‌లో ఒక మేడ మెట్ల కింద ఇరుకు గదిలో, పాత కేసెట్లను సీడీలు చేసిచ్చే కొట్టు నడిపేవారు. వాళ్ళ నాన్నగారు పోర్టులో ఉద్యోగమని గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఈయన పుట్టి పెరిగింది విశాఖలోనే అయినా, మాట చివర "అండి" మాత్రం గోదావరిదే. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, డిగ్రీ అయ్యాక, నేను గాజువాక నుంచి రోజూ బస్సులో వెళ్ళి ఆయన దగ్గర పనిచేసేదాన్ని. ప్రతి రికార్డింగుకూ ముందు, తీగలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదోనని మైకులో "అమ్మాయ్, వస్తోందా?" అనేవారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటరు ముందు కూర్చున్న నేను తలూపేదాన్ని. ఆ ముక్కను తర్వాత కత్తిరించేసేదాన్ని. కొన్నిట్లో ఉండిపోయినట్టుంది.

రికార్డు చేసినవన్నీ లైబ్రరీలా పేర్చి చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేది. ఎడమ పక్కన నిలువుగా ఒక ప్యానెల్. ఏది ఎక్కడుందో తెలియాలంటే అదే దిక్కు. దాన్ని తయారుచేసిన మహానుభావులకు శుభ్రం ఎక్కువ. చుట్టాలొస్తున్నారని సామానంతా మంచం కిందికి తోసినట్టు, స్క్రీను విశాలంగా కనబడాలని మనకు కావలసినవన్నీ లోపలికి తోసేశారు. పొరపాటున ఏదో కీ తగిలితే చాలు, ప్యానెల్ మాయం. మళ్ళీ తెరవాలంటే అంచున దారప్పోగంత గీత మీద ఒక చిన్న బాణం గుర్తుండేది. అది కూడా మౌసు సరిగ్గా దాని మీదికి వెళితే తప్ప కనబడదు. మనుషులు రావాల్సిన గుమ్మాన్ని గోడలో కలిసిపోయేలా ఎవరైనా కడతారా? ఇప్పటికీ తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

చేరిన కొత్తలోనే అది నన్ను ఏడిపించింది. వాళ్ళ నాన్న పాడిన పద్యాల సీడీ కోసం ఒకాయన కౌంటరు దగ్గర నిలబడి ఉన్నాడు. చూస్తూండగానే ప్యానెల్ పోయింది, దాంతోపాటు పేర్లన్నీ పోయాయి. "సార్, అన్నీ పోనాయి" అన్నాను, ఇంట్లో మాట్లాడే యాసలోనే. వీర్రాజు గారు ముందు స్క్రీను చూడలేదు. కౌంటరు అవతలి మనిషి మొహం చూశారు.

"ఏం లేదండి. కొత్తల్లుడిలా అలిగి లోపలికెళ్ళింది. బతిమాలుకుని తీసుకొస్తాం, మీరీలోగా టీ తాగి వచ్చేయండి" అని ఆయన్ని పంపేశారు. తర్వాత నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఈ కొట్లో 'పోయింది' అనకమ్మా. 'కనబడటం లేదు' అను."

"రెండూ ఒకటే కదా సార్?"

"ఒకటెలా అవుతుందమ్మా? మన దగ్గరికొచ్చేవాళ్ళలో సగం మంది ఎవరి గురించో ఆ మాట విని వచ్చినవాళ్ళే. వెతక్కుండా ఇంకోసారి ఎందుకు వినిపించడం? అంతా వెతికాక అప్పుడు అందాం."

ఆ రోజు కంప్యూటరు ఆపి మళ్ళీ వేస్తే పేర్లన్నీ వచ్చేశాయి. ఆయన మాట మాత్రం నాకు కొంచెం చాదస్తంగా తోచింది. అయినా అలవాటు చేసుకున్నాను. కొన్నాళ్ళకు జాలారిపేట నుంచి నూకాలమ్మ వచ్చింది. చేపలమ్మి వస్తూ, గంప బయట దింపి, గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఈ కేసెట్ల మా ఆయన మాటున్నాది బాబూ. ఒక పక్క పిల్లతోటి కబుర్లాడినాడు. రెండో పక్క నాకోసరం పాట పాడినాడు. టేపురికార్డరు పాడైపోనాది. సీడీ సేసిత్తారా?"

"చేసిస్తామమ్మా. ఆయనెక్కడుంటారు?" అని నేనే అడిగాను.

"సముద్రం మీద ఏటకెల్లినాడు. ఇంకా రానేదు."

ఎన్నాళ్ళయిందని అడిగాను. "అప్పుటికి మా గుంటకి పాలపళ్ళు ఊడనేదు. ఇప్పుడు ఓణీలేత్తంది" అంది. వీర్రాజు గారు కేసెట్టును రెండు చేతులతో అందుకున్నారు.

మొదటి పక్క బాగానే వచ్చింది. తండ్రి చేపల పేర్లు చెప్పమంటుంటే, "సందువ, కోనాం, కవళ్ళు" అంటూ ఒక పసిపిల్ల ముద్దుముద్దుగా చెబుతోంది. అది తప్పు చెప్పినప్పుడల్లా ఆయన పగలబడి నవ్వుతున్నాడు. కేసెట్టు తిప్పి రెండో పక్క పెట్టగానే, ఉప్పుగాలికి ఎప్పుడో చివికిపోయిన టేపు డెక్కులో చుట్టుకుని ముక్కలైంది. కంగారుగా కంప్యూటరు వైపు తిరిగితే, అక్కడ ప్యానెల్ లేదు. వచ్చిన మొదటి పక్క కూడా లేదు. దానికింకా పేరైనా పెట్టలేదు మేము. పోయింది అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

కంప్యూటరు ఆపి వేస్తే పేరులేని ఫైలు పూర్తిగా చెరిగిపోతుందేమోనని భయం. ఆయన అన్నం కేరేజీ విప్పకుండా మధ్యాహ్నమంతా వెతికారు. ఉన్న మెనూలన్నీ తెరిచారు, మూశారు. చివరికి మౌసుతో స్క్రీను అంచును, చీకట్లో గోడ తడుముకున్నట్టు, పైనుంచి కిందికి తడిమారు. బాణం కనబడింది. ప్యానెల్ తెరుచుకుంది. ఊరూ పేరూ తెలియనివాటిని పడేసే వరసలో, అట్టడుగున ఆ ఫైలుంది. "సందువ" అని పిల్ల గొంతు వినబడగానే ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

పాట ఉన్న పక్క మాత్రం దొరకలేదు. ముక్కలు అతికించి చూశారు. ఊళ్ళో తెలిసిన మెకానిక్కులందరికీ చూపించారు. వచ్చింది ఉత్త గరగర. ఆ వారం చివర కేసెట్టు డబ్బా మూత వేసి, "పోయిందమ్మా" అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. నూకాలమ్మ వచ్చినప్పుడు చెబుదామన్నాను. "కౌంటరు దగ్గర నిలబెట్టి చెప్పేదా ఇది?" అని కొట్టుకు తాళం వేసి బయల్దేరారు. నేనూ వెళ్ళాను.

జాలారిపేటలో నూకాలమ్మ తన గుమ్మం ముందు చాప వేసింది. ఆయన కూర్చుని సీడీ చేతికిచ్చారు. "ఒక పక్కే వచ్చిందమ్మా. పాట పోయింది."

"అంతా ఎతికినారా బాబూ?"

"వెతికానమ్మా. నాకు తెలిసినచోటల్లా వెతికాను."

"మరింక రాదా?"

"రాదమ్మా."

తిడుతుందనుకున్నాను. ఆమె సీడీని ఒళ్ళో పెట్టుకుని, ఇళ్ళ సందులోంచి కనబడే సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. "మా ఆయన గురించి ఇలాగ ఎవులూ కూకుని సెప్పనేదు బాబూ. ఆఫీసోలు కనబడనేదన్నారు. పేటోలు వత్తాడన్నారు. ఒకులూ ఆ మాట అననేదు" అంది. కాసేపాగి, "పోనాడు" అంది. అంత మెల్లగా అంది కాబట్టి మాకు కాదు, తనకే చెప్పుకుందని తెలిసింది. అప్పుడు ఏడ్చింది. ఓణీ వేసుకున్న కూతురు లోపల్నుంచి వచ్చి తల్లిని పట్టుకుంది. వీర్రాజు గారు ఊరుకోమనలేదు. తల వంచుకుని, ఆమె ఏడవడం అయ్యేదాకా అక్కడే కూర్చున్నారు.

తిరుగు బస్సులో ఆయన ఒక్క మాటే అన్నారు. "నేను టేపు గురించి చెబుదామని వెళ్ళానమ్మా."

తర్వాత కేసెట్లు తెచ్చేవాళ్ళు తగ్గారు. కొట్టు మూసేశారు. అక్కడి రికార్డులన్నీ, ఆ సాఫ్ట్‌వేర్‌తో సహా, నా హార్డ్ డిస్కులోకి ఎక్కించి ఇచ్చారు. నాకు పెళ్ళయింది, వేరే ఉద్యోగాలు వచ్చాయి. ఆయన జబ్బుపడ్డప్పుడు వెళ్ళి చూసొచ్చాను. ఆ తర్వాత ఆయన భార్య ఫోన్ చేసి, "సార్ పోయారమ్మా" అన్నారు. ఏ డొంకతిరుగుడూ లేకుండా చెప్పినందుకు ఆమె మీద నాకు చాలా గౌరవం కలిగింది. నేను మాత్రం ఆ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

"అమ్మా, ఏదో నొక్కాను, పక్కనున్న లిస్టంతా పోయింది" అని హాల్లోంచి మా అమ్మాయి మళ్ళీ అరిచింది.

"పోలేదు, కనబడటం లేదు. అంచున చూడు, బాణం ఉంటుంది."

"ఆఁ, దొరికింది." మళ్ళీ గరగర, మళ్ళీ ఆ గొంతు. "అమ్మాయ్, వస్తోందా?"

"ఇంతకీ ఎవరమ్మా? ఇప్పుడెక్కడుంటారు?"

స్టవ్ కట్టేశాను. చేతులు తుడుచుకుని హాల్లోకి వెళ్ళి, అమ్మాయి పక్కన కూర్చున్నాను.

"వీర్రాజు గారని, నాకు పని నేర్పినాయన. పోయారమ్మా" అన్నాను.