రెండు లీటర్లకు ఒక మూత

ఆ మంగళవారం ఉదయం మా స్త్రీల ప్రార్థనలో రెండో పాట మొదలుపెట్టాం. మరదలు ఫోను చేసింది. "వదినా, ఆయన లేవట్లేదు" అంది. అంతే అంది.

నేను వెళ్లేసరికి మా తమ్ముణ్ణి షెడ్డులో బల్ల మీద పడుకోబెట్టారు. గోళ్ల సందుల్లో గ్రీజు అలాగే ఉంది. డాక్టరు గుండె అన్నాడు. వీధిలో వాళ్లు పొగ అన్నారు. ఇన్నేళ్లూ ఆ కారు పొగ పీల్చే పోయాడని నా ఎదుటే అన్నారు. నేను డాక్టరు మాటే నమ్ముతాను.

చోడవరం చుట్టుపక్కల వ్యవసాయం ఉన్నవాళ్లకు మా తమ్ముడు తెలిసే ఉంటాడు. కోటపాడు రోడ్డులో, చెరకుకీ వరికీ మందు కొట్టే మిషన్లు బాగుచేసేవాడు. వాడు మీ మిషను బాగుచేసి ఉంటే మిమ్మల్ని తిట్టి కూడా ఉంటాడు. "నూనె కలపకుండా ఉత్త పెట్రోలు పోసేవు. దానికి నోరుంటే నీ కాలరు పట్టుకునేది" అనేవాడు. ఆ తిట్టుకి ఎవరూ కోప్పడలేదు. వాణ్ణి నవ్వులపాలు చేసింది మిషన్లు కాదు, కారు.

అది జపాను కారు. హార్బరులో పనిచేసిన ఒక పెద్దాయన ఎప్పుడో తెప్పించుకున్నారు. విశాఖలో ముగ్గురు నలుగురు మెకానిక్కులు చూసి వదిలేశారు. పన్నెండేళ్ల కిందట మా తమ్ముడు దాన్ని చెరకు ట్రాక్టరు వెనక కట్టి లాక్కొచ్చాడు. సబ్బవరం దాటేదాకా వీధి కుక్కలు తరిమాయట.

దాని ఇంజను మామూలు ఇంజను కాదు. అన్ని కార్లలో పిస్టను పైకీ కిందికీ కొట్టుకుంటుంది. ఇందులో మూడు మూలల ఇనుప దిమ్మ గుండ్రంగా తిరుగుతుంది. నాకు అర్థం కాలేదన్నాను. వాడు నన్ను మా వంటింట్లోకే తీసుకుపోయి రుబ్బురోలు చూపించాడు.

"అప్పా, పొత్రం తిరిగినట్టు తిరుగుతాది. మూడు మూలలకీ సన్నటి పట్టీలుంటాయి, అవి గోడని రాసుకుంటా పోతాయి. నువ్వు పప్పు పొడిగా రుబ్బుతావేటి? నీళ్లు జల్లుతావు కదా. దీనికి నూనె జల్లాల. అంతే."

ఆ నూనెను జల్లడానికి ఇంజనులోనే ఒక చిన్న పంపు ఉంటుందట. ఈ కారుకి లేదు. అంతకుముందు ఎవరో మెకానిక్కు పీకేసి ఆ కన్నానికి బిళ్ళ బిగించేశాడు. అందుకే ఇంజను ఎండిపోయి చచ్చింది. ఆ మాట కనిపెట్టడానికి మా తమ్ముడికి ఎనిమిది నెలలు పట్టింది. కనిపెట్టాక వాడు చేసిన పని మీ మిషన్లకు చేసేదే. పెట్రోలులో టూటీ ఆయిల్ కలిపాడు. కారు లేచింది.

ఊరు నవ్వింది. బంకులో పెట్రోలు కొట్టే ఆవిడ, "ఏటన్నా, కారుకి మోపెడ్డు నూనేటి?" అని అందరిలో అడిగింది.

"కులం సూసి మందెయ్యకూడదు సెల్లీ. రోగం సూసి ఎయ్యాల" అన్నాడు.

మొదట్లో వాడూ తప్పు చేశాడు, దాచను. నూనె ఎక్కువ పోశాడు. ప్లగ్గులు మసిబారి, ఆదివారం ఆరాధనకు వెళుతూ చర్చి గేటు ముందే ఆగిపోయింది. మూడు వారాలు వరసగా ఆగింది. సంఘ పెద్ద, "నీ కారుకి రక్షణ లేదురా" అన్నాడు. వాడు నవ్వి నూనె తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. చివరికి దగ్గు మందు సీసా మూత దగ్గర ఆగాడు. రెండు లీటర్ల పెట్రోలుకి ఒక మూత. నూనె ముందు, పెట్రోలు తరవాత. అలా అయితేనే రెండూ బాగా కలుస్తాయని వాడి మాట.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇరవై లీటర్లకు పది మూతలు పోసేవాడు. పోస్తూ పోస్తూ ఎవరితోనో మాట్లాడి మరిచిపోయేవాడు. అందుకని నన్ను పక్కన నిలబెట్టుకునేవాడు. "ఎన్నోదప్పా?" "ఆరు." "నిజంగా ఆరేనా? పాట పాడుకుంటా లెక్కెట్టేవా?" నేను తరవాతి మూత చూసి ఏడు అనేదాన్ని.

ఒకసారి రంగురంగుల సీసాలు అమ్మేవాడొచ్చాడు. ఇంజను టానిక్కట, పెట్రోలులో పోస్తే చాలట. మా తమ్ముడు రెండు రేకు మూతలు తెమ్మన్నాడు. ఒకదాంట్లో టానిక్కు, ఒకదాంట్లో తన నూనె, రెండింట్లో కాస్త పెట్రోలు కలిపి అగ్గిపుల్ల గీశాడు. ఆరాక చూస్తే టానిక్కు మూతలో వేలికి అంటేంత బూడిద. రెండో దాంట్లో మసక మరక తప్ప ఏమీ లేదు.

"బూడిద మిగిల్సేది పొయ్యిలోకి పనికొస్తాది బాబూ, ఇంజనులోకి కాదు. టీ తాగి ఎల్లు" అన్నాడు.

విశాఖ నుంచి ఒక ఇంజనీరు కూడా వచ్చాడు, ఆ కారు ఇంకా తిరుగుతోందని విని. బానెట్టు ఎత్తి చూసి, పెట్రోలులో నూనె కలపమని కంపెనీ పుస్తకంలో ఎక్కడా లేదన్నాడు.

"పుస్తకంలో పంపుంది సార్. దీనికేదీ? పంపు లేనప్పుడు పంపు పని ఎవలు సేస్తారు? నేనే సేస్తన్నాను" అన్నాడు మా తమ్ముడు. ఇంజనీరు వెళ్లిపోయాడు. వాడు మాత్రం సాయంత్రం దాకా నాతో వాదిస్తూనే ఉన్నాడు, నేనే ఇంజనీరునైనట్టు.

బుధవారం సమాధి చేశాం. పెట్టె దించడానికి వాకిట్లో చోటు లేదని ఆ ఉదయం మా చిన్న తమ్ముడు కారు స్టార్టు చేసి, పది అడుగులు వెనక్కి జరిపి ఆపేశాడు. విశాఖలో ఫ్యాక్టరీ ఉద్యోగం వాడిది, ఫిట్టరు. చల్లటి ఇంజను అలా ఆపకూడదని వాడికి తెలియదు. లోపల మిగిలిపోయిన పెట్రోలు గోడల మీది నూనెను కడిగేస్తుంది. పట్టీలు పట్టు వదిలేస్తాయి. మళ్లీ స్టార్టు కాదు.

కాలేదు. సాయంత్రం నలుగురు ప్రయత్నించారు. "ఆడితోపాటే పోయింది" అన్నారు. కొందరు ఆ మాట బాధగానే అన్నారు. కొందరు గెలిచినట్టు అన్నారు. చిన్న తమ్ముడు మంచికే పాత ఇనుము వాళ్లతో మాట్లాడాడు. శుక్రవారం ఆదరణ కూడిక అయ్యాక లారీ వస్తుంది, ఇక్కడే గ్యాసుతో కోసి పట్టుకుపోతారని చెప్పాడు. మరదలు తల ఊపింది. ఆమె అప్పుడు దేనికైనా తల ఊపేది.

నాకు ఆ రెండు రోజులూ ప్రార్థనలో మాట రాలేదు. కారు మీద నాకు ఆశ లేదు. కానీ అది చచ్చి లారీ ఎక్కితే, పన్నెండేళ్లు వాడు చేసింది తప్పని ఈ ఊళ్లో మాట మిగిలిపోతుంది. దానికి ఎదురు చెప్పడానికి వాడు లేడు.

శుక్రవారం ఇంటి ముందు షామియానా వేశారు. సంఘ పెద్ద వాక్యం చెబుతూ, ఇనుము మీద ప్రేమ పెట్టుకున్న సహోదరుడని అన్నాడు. వీధి చివర లారీ అప్పటికే ఆగి ఉంది. తరవాత కుటుంబంలో పెద్దగా నన్ను వాడి గురించి సాక్ష్యం చెప్పమన్నారు.

లేచాను. "చిన్నోడా, పానా పట్టుకురా. ప్లగ్గులు విప్పు" అన్నాను.

"ఇప్పుడేటప్పా? కూడిక జరగతంది."

"జరగనీ. నువ్వు విప్పు."

నాలుగు ప్లగ్గులూ విప్పాడు. కొత్త పెట్రోలు రాకుండా పెట్రోలు పంపు ఫ్యూజు లాగించాను. మరదల్ని సీటులో కూర్చోబెట్టి యాక్సిలేటరు పూర్తిగా తొక్కి తాళం తిప్పమన్నాను. ప్లగ్గు కన్నాల్లోంచి పెట్రోలు చిమ్మింది. చిన్న తమ్ముడి తెల్ల చొక్కా తడిసింది. పెట్రోలు రావడం ఆగేదాకా తిప్పించాను. ప్లగ్గులు గుడ్డతో తుడిపించి ఎండలో పెట్టించాను. అప్పుడు పట్టీలు మళ్లీ పట్టుకునేలా, ప్లగ్గు కన్నాల్లోంచి ఒక్కో గదిలోకి సగం మూత నూనె పోయించాను.

"అప్పా, ఇదంతా నీకెవలు సెప్పేరు?"

"వాడు ప్రతీదీ నాకు రెండుసార్లు చెప్పేవాడు."

సంఘ పెద్ద కుర్చీలోంచి, "అమ్మా, పోయినోడి ఆత్మకి శాంతి కావాల గాని..." అన్నాడు.

"శాంతే చేస్తున్నానండి" అన్నాను. ప్లగ్గులు బిగించారు. ఫ్యూజు పెట్టారు. మరదలు నా వైపు చూసింది. నేను కళ్లు మూసుకుని ఒక్క మాట ప్రార్థన చేసి, తిప్పమన్నాను.

మొదటిసారి ఊరికే మూలిగింది. రెండోసారీ అంతే. లారీ మనిషి గొలుసు దించుతున్నాడు. మూడోసారి ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. నీలం పొగ బుస్సుమని షామియానా నిండా కమ్మింది. కుర్చీలు పడ్డాయి. సంఘ పెద్ద కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. చిన్న తమ్ముడు తడి చొక్కాతో నిలబడి ఏడుస్తున్నాడు.

"వదినా, ఆపేయనా?" అని మరదలు అరిచింది.

"వేడెక్కేదాకా ఆపకు."

ఇరవై నిమిషాలు ఆపలేదు. పొగ పలచబడింది, చప్పుడు సాఫీ అయింది. లారీ మనిషి దగ్గరకొచ్చి బానెట్టు మీద చెయ్యి వేసి చూశాడు. "ఇదెక్కడ సచ్చిందండీ?" అని చిన్న తమ్ముడి మీద విసుక్కుని లారీ వెనక్కి తిప్పుకున్నాడు.

కారు పొగ గొట్టానికి ఎదురుగా షామియానా పక్క తెర ఉంది. దాని మీద పళ్లెమంత నల్లటి మరక పడింది. టెంటు హౌసతను రెండుసార్లు ఉతికించాడట. పోలేదు. ఆ తెర ఇప్పుడు చీడికాడలో ఎవరి పెళ్లికో కట్టి ఉంటుంది. పెళ్లికొచ్చినవాళ్లు ఏటీ మరక అని అడుగుతూ ఉంటారు.