రెండు సూత్‌లు

మా ఫోర్‌మెన్ సార్ పోయారని పోయిన నెల ఒక సోమవారం పొద్దున తెలిసింది. నారాయణగూడ ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో బండి ఆపుకుని ఉన్నాను. ఫోన్ చేసింది ఫ్యాక్టరీలో లేతు మీద పనిచేసే టర్నర్ అన్న. "సార్ లేడు చెల్లె. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే ఒరిగిపోయిండట. నువ్వు జర జల్ది రా" అన్నాడు. వెనక బండ్లవాళ్లు హారన్లు కొడుతున్నారు. నేను మాత్రం రోడ్డుకు అటువైపు, సార్ రోజూ చాయ్ తాగే హోటల్ ఉండే చోటు చూస్తున్నాను. ఆ హోటల్ మూతబడి నాలుగేళ్లయింది. ఇప్పుడక్కడ ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. అయినా చూశాను.

ఆయన నాకు చుట్టం కాదు. కాలేజీలో పాఠం చెప్పిన సారు కూడా కాదు. పాలిటెక్నిక్ ఆఖరి ఏడాదిలో ఆరు నెలలు ఏదైనా పెద్ద కంపెనీలో ట్రైనింగ్ చేయాలని నియమం. అక్కడివాళ్లు బాగా చేసిందని సంతకం పెడితేనే డిప్లొమా చేతికొస్తుంది, లేదంటే మళ్లీ ఏడాది ఆగాలి. నన్ను ఊరి చివర ఉన్న ఒక పెద్ద ఫ్యాక్టరీకి పంపారు. అక్కడ తయారైన ప్రతి ముక్కనూ కొలిచి, పాసా ఫెయిలా తేల్చే విభాగానికి ఆయన ఫోర్‌మెన్. పదేళ్ల కిందటి మాట ఇది.

ఇల్లు చిక్కడపల్లిలోనే అయినా, సార్ రోజూ నారాయణగూడ దాకా నడిచి వెళ్లి, ఆ హోటల్లో చాయ్ తాగి, కంపెనీ బస్సు అక్కడే ఎక్కేవారు. నేను కవాడిగూడ నుంచి నడుచుకుంటూ వచ్చి చిక్కడపల్లిలో ఎక్కేసరికి పక్క సీటు మీద ఆయన టిఫిన్ డబ్బా ఉండేది. నన్ను చూడగానే దాన్ని ఒళ్లోకి తీసుకునేవారు. అంతే, మాటా మంతీ ఏమీ ఉండేది కాదు. గంటసేపు ఆ పక్కన బిక్కుబిక్కుమంటూ కూర్చునేదాన్ని.

మొదటిరోజే నా చేతికి ఒక ఇనుప కడ్డీ ఇచ్చి లావెంతుందో చెప్పమన్నారు. క్లాసులో ఫస్టు వచ్చేదాన్ని కదా, చూసీ చూడగానే యాభై మిల్లీమీటర్లు అన్నాను.

"చూసినవా, కొలిచినవా?" అన్నారు.

కొలిస్తే నలభై తొమ్మిదిన్నర కూడా లేదు. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "చూసుడు వేరే, కొలుచుడు వేరే బిడ్డా" అని తన పని తాను చూసుకున్నారు. ఆరు నెలల్లో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. క్యాంటీన్లో పప్పులో ఉప్పు తక్కువైందన్నా అదే మాట, తిన్నవా, చూసినవా అని కాస్త మార్చి.

కొలిచే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, తడి పూర్తిగా ఆరాలి. మందం కొలిచే మైక్రోమీటర్‌ను మెత్తటి గుడ్డతో తుడవాలి. ముక్కను చేతిలో ఎక్కువసేపు ఉంచుకోకూడదు. "చేతి వేడికి ఇనుము ఉబ్బుతది, జర ఆగు" అనేవారు. నాకు ఆగడమంటే ఒళ్లు మంట. ఇంత పెద్ద కంపెనీకి వచ్చి చేతులు కడుక్కోవడం నేర్చుకుంటున్నానని అమ్మతో చెప్పి విసుక్కునేదాన్ని.

నాలుగో నెలలో నేను చేసిన ఘనకార్యం గురించి ఇప్పుడు చెప్పాలి.

ఒక పంపు కోసం పెద్ద కంచు బుష్ తయారవుతోంది. గాజుల పెట్టె అంత గొట్టం, వారం రోజుల పని. సార్ దాని పొడవు కొలిచి, చేతులకు దాని నూనె అంటడంతో నాతో అన్నారు, "రెండు సూత్‌లు ఎక్కువుంది. కార్డు మీద రాసి టర్నర్‌కియ్యి." ఎంత కోయాలో టర్నర్‌కు చెప్పే ఆ కార్డు మీద ఇన్‌స్పెక్టర్లు తప్ప ఇంకెవరూ రాయకూడదు. నాకు రాసే యోగ్యత వచ్చిందని పొంగిపోయి, సూత్‌లను మిల్లీమీటర్లలోకి మార్చి మరీ, గుండ్రటి అక్షరాలతో 'ఆరు మిల్లీమీటర్లు తీయాలి' అని రాశాను.

మా నాన్న వడ్రంగి. అశోక్‌నగర్ సందులో చిన్న షెడ్డు. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లల హాస్టళ్లకు మంచాలు, టేబుళ్లు చేస్తాడు. నాకు అక్షరాలకన్నా ముందు సూత్ వచ్చు. అంగుళానికి ఎనిమిది సూత్‌లు. రెండు సూత్‌లంటే పావు అంగుళం, మిల్లీమీటర్లలో ఆరు పైచిలుకు. ఇందులో అనుమానించడానికేముంది?

ఆ ఫ్యాక్టరీలో సూత్ అంటే మిల్లీమీటరులో నూరో వంతు. వెంట్రుక మందం కూడా ఉండదు. ఆ సంగతి నాకు తెలియదు. సెకండ్ షిఫ్టుకు వచ్చిన టర్నర్ అన్న కార్డులో ఉన్నది ఉన్నట్టు కోసేశాడు.

మర్నాడు పొద్దున బుష్ పొట్టిదై, ఇక పనికిరాకుండా మా బల్ల మీద ఉంది. టర్నర్ అన్న ముఖం మాడిపోయి ఉంది. సార్ కార్డు చేత్తో పట్టుకుని అడిగారు, "ఆరు ఎట్ల వచ్చింది బిడ్డా?"

"మీరే చెప్పిండ్రు కద సార్, రెండు సూత్‌లని."

"నీ సూత్ ఎంత?" అన్నారు.

"అంగుళంల ఎనిమిదో వంతు సార్. మా నాన్న కాడ గంతే."

సార్ స్టూలు మీద కూర్చుండిపోయారు. మేనేజర్ పిలిచారని కబురొచ్చింది. ట్రైనీని ఇవాళే కాలేజీకి వాపస్ పంపుతారని వర్క్‌షాపంతా అనుకుంటున్నారు. మా ఇంట్లో పదో తరగతి దాటినదాన్ని నేనొక్కదాన్నే. వాపస్ పంపేశారని నాన్నతో ఎలా చెప్పాలో తోచక, మేనేజర్ గది గాజు తలుపు బయట నిలబడ్డాను. లోపల సార్ నిలబడే మాట్లాడుతున్నారు. పావుగంటకు బయటికి వచ్చి, "పా, చాయ్ తాగుదాం" అన్నారు.

"ఏమన్నరు సార్?"

"ఏమంటరు? ఇగ జాగ్రత్తగుండుమన్నరు. నువ్వు పరేషాన్ గాకు."

నేను నమ్మేశాను.

ఆ సాయంత్రం బస్సు దిగాక సార్ తిన్నగా ఇంటికి పోకుండా, మీ నాన్న షెడ్డు చూపించమన్నారు. ఫిర్యాదు చేస్తారనుకున్నాను. నాన్న కూడా అదే అనుకుని పెన్సిలు చెవికి పెట్టుకుని లేచి నిలబడ్డాడు. సార్ రంపపు పొట్టు మీదే చెప్పులు విడిచి, "అన్నా, మీ సూత్ జర చూపిస్తరా?" అన్నారు.

నాన్న స్కేలు తీసి గీత మీద గోరు పెట్టి చూపించాడు. సార్ జరిగింది చెప్పి, "పిల్ల తప్పు రాయలేదన్నా. మీ దగ్గర నేర్చుకున్నదే రాసింది. నా మాటనే కొలత లేకుంట వచ్చింది" అన్నారు. నాన్న టేకు ముక్కనొకదాన్ని చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. రెండుమూడుసార్లు స్కేలుతో చూసుకుని, అగ్గిపెట్టెంత పలకను సార్ చేతిలో పెట్టాడు. "ఇగో సార్, మందం రెండు సూత్‌లు. మా లెక్కల."

ఆ తర్వాత సార్ నోట సూత్ అనే మాట వినలేదు. ఇరవై ఏళ్లకు పైగా నాలుకకు అలవాటైన మాట. అలవాటున 'సూ' దాకా వచ్చి, ఆగి, "పాయింట్ జీరో టూ" అని కూడబలుక్కునేవారు. షాపులో మిగతావాళ్లు వెనకాల నవ్వేవారు. నా సర్టిఫికెట్‌లో అభిప్రాయం రాసే చోట, ఈ అమ్మాయి కొలిచి చెబుతుంది అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టారు. ఆ వాక్యం చూసే నాకు మొదటి ఉద్యోగం ఇచ్చారు. ఇప్పుడు నా దగ్గరికీ ట్రైనీలు వస్తుంటారు. వాళ్లకు నేను చేతులు కడుక్కోమని చెబితే, వాళ్లూ నాలాగే ముఖం పెడతారు.

సార్ నాలుగేళ్ల కింద రిటైరయ్యారు, ఫోర్‌మెన్‌గానే. ఆయన తర్వాత చేరినవాళ్లు మేనేజర్లయ్యారు. ఇంత పనిమంతుడు పైకెందుకు పోలేదా అని మేమంతా అనుకునేవాళ్లం. బాస్‌లకు సలాం కొట్టడం రాదు పాపం అని నేనే నలుగురికీ చెప్పేదాన్ని. ఏడాదికి రెండుమూడుసార్లు చిక్కడపల్లి వెళ్లి కనిపించి వచ్చేదాన్ని. ఇంకా తరచుగా వెళ్లాల్సింది.

దినాలు అయిపోయాక ఒకరోజు వెళ్లాను. బయట ముసురు. సార్ భార్యను నేను పెద్దమ్మా అంటాను. ఆమె లోపలి నుంచి మైక్రోమీటర్ పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. "ఇది నీకిచ్చెయ్యమని ఎన్నడో చెప్పిండు బిడ్డా. నాకేం తెలుస్తది దీనితోని."

పెట్టెలో మైక్రోమీటర్ పక్కన, మడతలు పడ్డ కాగితంలో చుట్టి, నాన్న ఇచ్చిన టేకు పలక ఉంది. కాగితం మీద సార్ చేతిరాతలో పెన్సిలు అంకెలు. ఎండాకాలం 6.33. వానకాలం 6.41. మళ్లీ ఎండాకాలం, మళ్లీ వానకాలం. కర్ర ఎండకు ముడుచుకుంటుంది, వానకు ఉబ్బుతుంది. ఏటా రెండుసార్లు కొలిచి రాసుకున్నారు. అన్నిటికన్నా కింద, కొంచెం వణికిన అక్షరాలతో, ఈ ఏటి వానకాలం అని రాసి ఉంది. పక్కన అంకె లేదు.

కాగితం తిప్పి చూశాను. అటువైపు కంపెనీ ముద్ర ఉన్న మెమో. ట్రైనీ చేత కార్డు రాయించి బుష్ పాడుచేసిన తప్పుకు పూర్తి బాధ్యత తనదేనని ఫోర్‌మెన్ ఒప్పుకున్నందున, ప్రమోషన్ జాబితా నుంచి ఆయన పేరు తీసేస్తున్నామని ఉంది. తారీఖు నేను గాజు తలుపు బయట నిలబడిన వారంలోనిది.

నాకు ఏడుపు ఆగలేదు. పదేళ్లు ఆ ఇంట్లో చాయ్ తాగి వచ్చాను, ఒక్కసారైనా సార్ ఆ మాట ఎత్తలేదు.

"నేను పారేస్తనన్న అప్పుడే," అంది పెద్దమ్మ. "వెనుక ఖాళీ ఉంది కదనే, రాసుకోనీకె పనికొస్తదన్నడు."

లేచి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కున్నాను. తడి ఆరేదాకా ఆగాను. మైక్రోమీటర్ తుడిచి, పలకను అంచులు పట్టుకుని కొలిచి, ఈ ఏటి వానకాలం పక్కన అంకె వేశాను.

"ఎంతుంది బిడ్డా?" అని అడిగింది పెద్దమ్మ.

"రెండు సూత్‌లు పెద్దమ్మా" అన్నాను. "జర ఎక్కువనే ఉంది. వాన కద."