పెనుకొండ రౌటర్ తన పేరు మరచిపోయిన రోజు

2022, విజయదశమి మరుసటి రోజు ఉదయం. హిందూపురంలో మా ఇంటి పెరట్లో పళ్లు తోముకుంటుంటే ఫోన్ మోగింది. ఆఫీసులకు నెట్‌వర్కులు వేసి, వాటి బాగోగులు చూడడం నా పని. పండగ నిద్ర ఇంకా వదలలేదు. ఫోన్ చేసింది పెనుకొండ కంటి కేంద్రం మేనేజర్ రామాంజనేయులు గారు.

"సెలవులైనాక ఇప్పుడే తెరిస్తిమి, నెట్ ల్యాదప్పా. నెట్ పెట్టె లైట్లు వెలుగుతాండాయి గానీ ఏం పని చెయ్యడంల్యా. నవమి రోజు మా రత్నమ్మ దాని ప్లగ్గు తీసి తుడిచిందంట" అన్నారు.

"అయితే ఎవరో ఏదో నొక్కేసినట్టున్నారు సార్. ఊరికే అట్లా కాదు" అన్నాను, నోట్లో నురగతోనే. ఆలోచించి అన్న మాట కాదది. మా వృత్తిలో ఏది చెడినా ముందు ఎదుటివాళ్ల చేతుల మీదికి తోసేయడం మాకు బాగా అలవాటు.

ఆ కంటి ఆసుపత్రికి మూడు చోట్ల కేంద్రాలున్నాయి. పెద్ద డాక్టరు హిందూపురంలో ఉంటారు. పెనుకొండ, ధర్మవరం కేంద్రాల్లో రోగి కంటి లోపలి ఫోటో తీసి పంపితే, ఆయన అక్కడి నుంచే చూసి చెబుతారు. ధర్మవరం నుంచి వచ్చే ఫోటో కూడా పెనుకొండ మీదుగానే పోవాలి. ఏ సమాచారం ఏ దారిన పోవాలో చూసి పంపే పెట్టెనే రౌటర్ అంటాం. జంక్షన్‌లో పాయింట్లు మార్చి రైళ్లను పంపే మనిషి లాంటిది. పెనుకొండ రౌటర్ పడుకుందంటే ధర్మవరం ఫోటోలు కూడా ఆగిపోయినట్టే.

హిందూపురం నుంచి పొద్దున రైల్లో పోతుంటే పొగమంచులో శనక్కాయ చేలు ఉన్నాయో లేవో తెలియనట్టుగా ఉన్నాయి. కిటికీకి తల ఆనించి సగం నిద్రలో పోయాను. పెనుకొండ కొండ మంచులోంచి కొంచెం కొంచెంగా బయటపడింది, అడుగు లేకుండా పైభాగం మాత్రమే. అంత హాయిగా పోయిన ప్రయాణం నాకు మళ్లీ లేదు. పోయేది నా తప్పు దగ్గరికేనని అప్పుడు తెలియదు మరి.

కేంద్రం మెట్ల మీద రత్నమ్మ కూర్చొని ఉంది. పక్కన టిఫిన్ క్యారియర్. ఊడ్చి తుడవడం, రోగులను వరసలో కూర్చోబెట్టడం, చుక్కల మందు వేసినవాళ్లను చేయి పట్టి నడిపించడం, అన్నీ ఆమే.

"ఏమ్మా, ఈడ కూర్చున్నావు?"

"లోపలికి రావద్దన్న్యారు సార్. మీరొచ్చి చూసినాక లెక్క తేలుస్తామన్న్యారు." టిఫిన్ క్యారియర్ పక్కకు జరిపి, "నేను ప్లగ్గు ఒకటే తీసినా సార్. ఆయుధపూజ గదా, అన్ని మిషన్లకూ ఒక పూట ఇశ్రాంతి ఇయ్యల్ల గదా. పొడిగుడ్డతో తుడిచి, బొట్టు పెట్టి, మళ్లా పెట్టేసినా. నా వల్లే చెడింటే చెప్పండి, ఒప్పుకుంటా. ఈ పని పోతే మళ్లా చేన్లో వంగల్ల. నా నడుము వంగదు సార్ ఇంక" అంది.

చూస్తానులే అని లోపలికి పోయాను. రౌటర్ గోడ మీది ఇనుప పెట్టెలో ఉంది. దాని నెత్తిన పసుపు, కుంకుమ, వాడిన బంతిపువ్వు. నా ల్యాప్‌టాప్‌కు కన్సోల్ కేబుల్ తగిలించాను. రౌటర్‌తో ముఖాముఖి మాట్లాడే తీగ అది. మొదటి నుంచి చూద్దామని ఒకసారి ఆపి, మళ్లీ వేశాను.

రౌటర్ నిద్రలేవడం చూడడం నాకు మొదటి నుంచీ ఇష్టం. ముందు కాళ్లూ చేతులూ ఉన్నాయో లేదో చూసుకున్నట్టు తన భాగాలను తనే పరీక్షించుకుంటుంది. తర్వాత ఫ్లాష్ అనే చోట దాచిన పెద్ద ప్రోగ్రామును విప్పుకుంటుంది. అప్పుడు తెర మీద గీతల గుర్తులు ఒక్కొక్కటే పడుతూ వరస నిండుతుంది, ఎవరో కనపడకుండా ముగ్గు వేస్తున్నట్టు. ఆఖరున ఎన్‌వీ రామ్ అనే చిన్న జ్ఞాపకంలో వెతుకుతుంది. కరెంటు పోయినా చెదరని జ్ఞాపకం అది. తన పేరేంటి, తన దారులేంటి అన్నది అందులో రాసి ఉండాలి.

ఆ రోజు అది వెతికి, ఏమీ దొరక్క, కొత్త పెట్టెలు అడిగే ప్రశ్నే అడిగింది: మొదటి అమరికలు ఇప్పుడు చేద్దామా, అవునా, కాదా? కాదన్నాను. 'పెనుకొండ' అని ఉండాల్సిన చోట వట్టి 'రౌటర్' అని వచ్చి నిలబడింది. మధ్యాహ్నం పడుకొని పొద్దుగూకే వేళకు లేస్తే, తెల్లారిందో చీకటి పడుతోందో తెలియక మంచం మీద కూర్చుంటామే, అట్లా ఉంది.

ప్లగ్గు తీసినంత మాత్రాన ఇది జరగదు. అందులో రాసింది చెరిపేయాలంటే పాస్‌వర్డ్ కావాలి. అది నాకు తప్ప ఎవరికీ తెలియదు. సంచిలోంచి పాత నోటుబుక్కు తీశాను. నాలుగేళ్ల కిందట ఈ రౌటర్‌ను పెట్టింది నేనే. ఒక్కో పని అయ్యాక పెన్సిలుతో టిక్కు పెట్టుకోవడం నా అలవాటు. పేరు, టిక్కు. చిరునామాలు, టిక్కు. ధర్మవరం దారి, టిక్కు. చివరి వరస 'రైట్'. దానికి టిక్కు లేదు.

మేం ఏది టైపు చేసినా అది ముందు రామ్‌లో ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపే ఆ జ్ఞాపకం. 'రైట్', అంటే రాసుకో, అని ఆజ్ఞ ఇస్తేనే ఎన్‌వీ రామ్‌లో శాశ్వతంగా రాసుకుంటుంది. రౌటర్ పెట్టిన రోజు ధర్మవరం నుంచి మొదటి ఫోటో పోగానే అందరూ చప్పట్లు కొట్టారు, రైలు వేళయిందని నేను పరిగెత్తాను. తర్వాత యూపీఎస్, జనరేటర్ కలిసి నాలుగేళ్లు దాన్ని కన్ను మూయనివ్వలేదు. అంతకుముందు ఏ ఆయుధపూజకూ ఆ ఇనుప పెట్టె తాళం తీయలేదట, మూత మీదే బొట్టు పెట్టేవారట. ఆ ఏడు రత్నమ్మ తాళంచెవి అడిగి తీసుకుంది.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నోటుబుక్కు చూసి అన్నీ మళ్లీ టైపు చేశాను, గంట పట్టింది. ధర్మవరం దారి తెరుచుకుంది. అక్కడి నర్సు ఫోన్ చేసి ఫోటోలు పోతున్నాయని చెప్పింది. ఈసారి 'రైట్' కొట్టాను. ఇక కేబుల్ చుట్టుకొని వెళ్లిపోవచ్చు. ఎవరూ ఏమీ అడగరు.

మేనేజర్ గారే తలుపు దగ్గర నిలబడి అడిగారు. "ఆయమ్మ ఏం నొక్కిందప్పా?"

చెప్పకుండా పోవాలని నిజంగానే అనిపించింది. సిగ్గుతో చెబుతున్నాను. కానీ కిటికీలోంచి మెట్ల మీద టిఫిన్ క్యారియర్ కనబడుతోంది. పదిన్నరైనా అది తెరవలేదు.

"ఏమీ నొక్కలేదు సార్. నాలుగేళ్ల కిందట నేను రాసిపెట్టడం మరచిపోయాను. పొద్దున ఫోన్‌లో అన్నదీ తప్పే. ఆమెను లోపలికి పిలవండి."

ఆయన కిటికీలోంచి రత్నమ్మను కేకేసి, నా వైపు తిరిగారు. "నాలుగేండ్లు నీ పనితనం గురించి అందరికీ చెప్పుకుంటి కదప్పా" అని మాత్రం అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

రత్నమ్మ వచ్చింది. "అమ్మా, నవమి రోజు ఎట్లా తీశావో అట్లే తియ్యి" అన్నాను.

"వద్దు సార్" అని చేతులు వెనక్కి పెట్టుకుంది.

"తియ్యమ్మా. చెడితే నాది పూచీ."

కొంగుతో చేయి తుడుచుకొని ప్లగ్గు తీసింది. లైట్లు ఆరిపోయాయి. కాసేపయ్యాక మళ్లీ పెట్టింది. ముగ్గురం నిలబడి చూశాం. గుర్తులు నిండాయి, వెతికింది, ఆగింది. తెర మీద 'పెనుకొండ' అని వచ్చింది.

"దాని పేరు దానికి గ్యాపకముండాది" అంది రత్నమ్మ, నవ్వకుండా. తర్వాత నా వైపు తిరిగి, "అట్లయితే నేను తీసిందే మంచిదాయ సార్. లేకుంటే మీరు మర్చిపోయినారని మీకు యాడ తెలుస్తుండ్య?" అంది.

ఇప్పుడు ఏ ఆఫీసులో పని ముగించినా, అందరూ చూస్తుండగా నడిచే రౌటర్‌ను నా చేత్తో నేనే ఆపుతాను. బాగున్నదాన్ని ఎందుకు ఆపుతావంటారు. అది లేచి తన పేరు చెప్పేదాకా సంచి సర్దుకోను. ఏటా మహానవమి సాయంత్రం రత్నమ్మ ఫోన్ చేస్తుంది.

"సార్, దాన్ని పండబెడతాండా."

"పండబెట్టమ్మా" అంటాను. లైన్ కట్ చేయకుండా చెవి దగ్గరే పెట్టుకుంటాను. అటు గుడ్డతో తుడుస్తున్న చప్పుడు, కుంకుమ భరిణె మూత చప్పుడు వినబడతాయి. ఆమె "లేసింది సార్" అన్నాకే ఊపిరి వదులుతాను.