లెసన్ ప్లాన్‌లో లేని మిరపకాయలు

నవ్వనని మాటివ్వండి, చెప్తాను. మొన్న శనివారం నేను ముప్పై మంది టీచర్ల ముందు మోడల్ లెసన్ చెప్పి, ఒక పెద్దమనిషి పరువు ఎండలో ఆరబోసి వచ్చాను. అదీ పట్టా పరిచి మరీ!

మా బడి తెలుసుగా, గుంటూరు అవతల మిరప చేల మధ్య ఊరు. రోజూ పెదకాకాని నుంచి రెండు బస్సులు మారి వెళ్తాను. ఉద్యోగం వచ్చి ఇంకా రెండేళ్లు నిండలేదు. చుట్టుపక్కల బళ్ల టీచర్లందరం నెలకోసారి కలుస్తాం చూడండి, ఆ కాంప్లెక్స్ మీటింగ్‌లో పోయిన నెల పెద్ద చర్చ జరిగింది, లెసన్ ప్లాన్ ఎలా రాయాలీ అని. మా హెడ్మాస్టర్ సుబ్బారావు గారు ఊరుకోవచ్చుగా! లేచి నిలబడి, "మా రజియా ప్లాన్ రాస్తే పెళ్లి శుభలేఖలా ఉంటుందండీ" అనేశారు. అంతే! వచ్చే మీటింగ్ మా బడిలో, పాఠం చెప్పేది నేను, చూడ్డానికి మండల విద్యాధికారి, అదే ఎంఈఓ గారు కూడా వస్తారు.

రాశాను ప్లాను! ఐదో తరగతి సైన్సు, బాష్పీభవనం. నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు, స్కేలు పెట్టి గీతలు. నేనడిగే ప్రశ్నలు ఎడమవైపు, పిల్లలు చెప్పబోయే జవాబులు కుడివైపు. వాళ్లు చెప్పబోయేవి కూడా నేనే రాసేశానన్నమాట. ట్రైనింగ్‌లో మాకలాగే నేర్పారు మరి. మొదటి ఐదు నిమిషాలు ప్రేరణ. మూడు ప్రశ్నలు అడిగేసరికి పిల్లలు పాఠం పేరు దాకా వచ్చేయాలి, మనం ఆ పేరు బోర్డు మీద రాసేయాలి.

చదువుకుంటే ఎంత ముద్దొచ్చిందో! ఒక్కటే అనుమానం. కుడివైపున్నది పిల్లలు చెప్పకపోతే? అందుకని... ఇదిగో, నవ్వొద్దన్నానా... శుక్రవారం మధ్యాహ్నం రిహార్సల్ పెట్టాను. మొదటి ప్రశ్న అంజికి, రెండోది రహీమ్‌కి, మూడోది నాగమణికి.

"తడి బట్టలు ఎండలో ఆరేస్తే ఏమవుతాయి?"

"ఆరిపోతాయి టీచర్." ఇది అంజి.

"వాటిలో నీళ్లు ఏమయ్యాయి?"

"ఆవిరై గాల్లో కలిసిపోయాయి టీచర్." ఇది రహీమ్.

"మీ ఇంట్లో ఇంకా ఏం ఎండబెడతారు?"

"వడియాలు టీచర్." ఇది నాగమణి.

మూడుసార్లు చెప్పించాను. టేప్ రికార్డర్లలా అప్పజెప్పారు. ఆ ధీమాతో శనివారం కొత్త మంగళగిరి చీర కట్టుకుని దిగాను.

దిగ్గానే తెలిసింది, అంజి రాలేదని.

"ఏడిరా వాడు?"

"మిరప కోతకి పోయాడు టీచర్, వాళ్లమ్మతో."

అప్పటికే టీచర్లంతా వెనకాల బెంచీల మీద సర్దుకున్నారు. ముందు కుర్చీలో ఎంఈఓ గారు. ఆయన పక్కన మా బడి విద్యా కమిటీ ఛైర్మన్ వెంకయ్య గారు. ఊళ్లో పెద్ద మిర్చి రైతు, మా నాగమణికి తాత. బడికి ఏం కావాలన్నా కాదనని మనిషి. ఎంఈఓ గారు ఏడాదికి సరిపడా కారానికి కాయలు కావాలన్నారట, డబ్బిచ్చే కొనుక్కున్నారులెండి, ఆ చిన్న గోతాం కూడా పొద్దున్నే వెంకయ్య గారే స్కూటర్ మీద తెచ్చి వరండాలో పెట్టారు.

గొంతు సవరించుకుని మొదలెట్టాను. "తడి బట్టలు ఎండలో ఆరేస్తే ఏమవుతాయి?"

అది అంజి ప్రశ్న కదా, మిగతావాళ్లెవరూ నోరు విప్పట్లేదు! నేను రహీమ్ వంక చూశాను. వాడు తన వంతు వచ్చిందనుకుని టక్కున లేచాడు.

"ఆవిరై గాల్లో కలిసిపోయాయి టీచర్!"

బట్టలు! వెనక బెంచీల్లో కిసకిసలు. కంగారులో రెండో ప్రశ్న అడిగేశాను. "మరి వాటిలో నీళ్లు ఏమయ్యాయి?"

నాగమణి లేచింది. "వడియాలు టీచర్!"

ఇక చూడాలి నవ్వులు! సుబ్బారావు గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు, తుడవాల్సిందేమీ లేకపోయినా. ఎంఈఓ గారు మాత్రం నవ్వలేదు. "టీచర్ గారూ, ఆ ప్లాను కాసేపు పక్కన పెట్టండి. పిల్లలకి బాగా తెలిసిందేదైనా అడగండి" అన్నారు నెమ్మదిగా.

పిల్లలకి తెలిసింది... చుట్టూ చూశాను. వరండాలో గోతాం కనబడింది. నా బుర్ర వెలిగింది. వెలక్కుండా ఉన్నా బాగుండేది!

"కల్లంలో మిరపకాయలు ఎందుకు ఎండబెడతారు?"

ఒక్కసారి క్లాసంతా చేతులు లేచాయి. "పచ్చి మీదుంటే బూజు పడతయ్ టీచర్!" "ఎండితే తేలికైపోతయ్ టీచర్!"

"శభాష్! ఎందుకు తేలికవుతాయి?"

"కాయలో నీళ్లు పోతయ్‌గా!" అన్నాడు రహీమ్, ఎవరూ నేర్పకుండానే.

అక్కడ ఆపాలి నేను. పాఠం పేరు గుమ్మం దాకా వచ్చింది, బోర్డు మీద రాసేస్తే అయిపోయేది. కానీ ఉత్సాహం ఉరకలేస్తోంది కదా! "పోయిన నీళ్లు మళ్లీ కాయలోకి వస్తాయా?" అని అడిగాను.

"ఎందుకు రావు టీచర్!" నాగమణి బెంచీ ఎక్కినంత పని చేసింది. "మా తాత చల్లుతాడుగా! గోతాం కట్టే ముందు బిందెడు నీళ్లు చల్లుతాడు. పొద్దున సార్ గారి కాయలక్కూడా చెంబెడు చల్లాడు!"

ముప్పై తలకాయలు వెంకయ్య గారి వైపు తిరిగాయి. తర్వాత గోతాం వైపు. తర్వాత ఎంఈఓ గారి వైపు. నేనేం చేశానో తెలుసా? గబగబా లెసన్ ప్లాన్ తెరిచి చూశాను, ఇప్పుడేం అనాలో ఎక్కడైనా రాసుకున్నానేమోనని!

వెంకయ్య గారు కండువా సర్దుకుంటూ లేచారు. "మరీ ఎండితే కాయ చిట్లిద్దండీ. ముక్కలైపోద్ది. మెత్తబడాలని కాసిని చిలకరిస్తాం, అంతే."

"కాసిని కాదు తాతా, బిందెడు!"

నా ప్రొబేషన్ కళ్ల ముందు కనబడింది. ఇటు ఎంఈఓ గారికి కోపం, అటు ఛైర్మన్ గారికి అవమానం, మధ్యలో సుద్దముక్క పట్టుకుని నేను! ఎంఈఓ గారు లేచి వరండాలోకి వెళ్లారు. గోతాంలో చెయ్యి పెట్టి చూశారు. వెనక్కొచ్చి, "పాఠం మధ్యలో ఆపేశారేంటమ్మా? కానివ్వండి. ఆ కాయలు తూయించండి" అన్నారు.

పక్కనే రేషన్ షాపు. ఆ కాటా మీద పెడితే పదకొండు కిలోలు. పిల్లలు బడి ముందు పట్టా పరిచి కాయలు ఆరబోశారు. మేకలు రాకుండా ఇద్దరు కాపలా. ఇక ఆ ఘాటు చూడండి! మీటింగంతా తుమ్ములే. పాఠ్య పథకం లక్ష్యాల మీద ఒకాయన మాట్లాడుతుంటే లక్ష్యానికో తుమ్ము పడింది.

సాయంత్రం మూడున్నరకి మళ్లీ తూచాం. పది కిలోలకి కాస్త అటూ ఇటూ! "కిలో నీళ్లు గాల్లోకి పోయినయ్ టీచర్!" అని రహీమ్ గంతులు. అప్పుడు రాశాను బోర్డు మీద, బాష్పీభవనం అని. ఐదు నిమిషాల ప్రేరణకి ఐదు గంటలు పట్టింది!

ఎంఈఓ గారు రిజిస్టర్‌లో ఏం రాశారో వినండి. "పాఠం చాలా బాగుంది. లెసన్ ప్లాన్‌కీ పాఠానికీ ఎక్కడా సంబంధం లేదు." సంతోషించాలో ఏడవాలో తెలియక సుబ్బారావు గారు అది రెండుసార్లు చదివారు. నాతో మాత్రం ఎంఈఓ గారు, "ప్రశ్నలు బాగా ఆలోచించి రాసుకోండమ్మా. జవాబులు పిల్లలకి వదిలేయండి" అనేసి, గోతాం జీపులో పెట్టించుకుని వెళ్లిపోయారు. అంతకుముందే అందులో మరో రెండు కిలోలు వెంకయ్య గారు ఇంటి నుంచి తెప్పించి, అడక్కుండానే పోశారు.

బతికిపోయాను అనుకుని బస్సు కోసం నిలబడ్డాను. పక్కన స్కూటర్ ఆగింది. వెంకయ్య గారు!

"అమ్మా రజియా, సోమవారం ఏం పాఠం చెప్తావమ్మా?" అన్నారు శాంతంగా.

ఏదో ఒకటి చెప్పొచ్చుగా! పద్యం అనొచ్చు, పటాలు అనొచ్చు. నాకా సమయస్ఫూర్తి ఎక్కడేడ్చింది? ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"తూకాలు, కొలతలండీ."

ఆయన స్కూటర్ స్టార్ట్ చేస్తూ అన్నారు, "సోమవారం మా నాగమణికి జొరం వచ్చిద్దిలేమ్మా. సెలవు రాసుకో."