పెంటకుప్ప మీద పొత్తిగుడ్డ

ఎల్లారెడ్డి ఆసుపత్రిలో నర్సు నా బిడ్డను చూపించిన క్షణంలోనే నాకు భయం పట్టుకుంది. ఏడుపు లేదు. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి, వదిలినప్పుడల్లా సన్నటి మూలుగు. ఏడో నెలలోనే పుట్టింది. అంబులెన్సులో కామారెడ్డికి తీసుకెళ్లి, గొంతులో ట్యూబు వేసి వెంటిలేటర్ మీద పెట్టారు.

దయ్యాలు, గాలి, దిష్టి అనేవాళ్లంటే నాకు మొదటినుంచీ చులకనే. లోపల మిషన్ ఊపిరి పోస్తుంటే, వార్డు బయట నిమ్మకాయలు పట్టుకుని కూర్చున్నవాళ్లను చూస్తే ఒళ్లు మండేది.

అందరినీ మించింది మా అత్త. ఆమెకు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారట. మూడోవాణ్ని చేటలో పెట్టి, పెంటకుప్ప మీద పడుకోబెట్టి, తిట్టి ఎత్తుకొచ్చిందట. ఎవరికీ అక్కర్లేనిదాన్ని చావు కూడా ముట్టుకోదని నమ్మకం. ఆ మూడోవాడే నా భర్త పెంటయ్య. సంతకంలో ‘పి’ అని మాత్రమే పెడతాడు.

ఫోన్‌లో మళ్లీ అదే మొదలుపెట్టింది. "పిల్లను ఒక్కసారి కుప్ప మీద పండవెడితే బతుకుతది."

"ట్యూబు పీకి పట్టుకరమ్మంటవా అత్తమ్మా?"

"నీ సదువు సల్లగుండ," అని పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం పిండిన పాలు ఇవ్వడానికి లోపలికి వెళ్లాను. బిడ్డను చూసే ధైర్యం లేక చేతిలోని గిన్నెనే చూస్తూ నిలబడ్డాను. నర్సు అవతలి బిడ్డ దగ్గర ఉంది.

నా చెవి వెనకే మా అత్త గొంతు. "థూ, ఎవనిక్కావలె ఈ పెంటది! కుక్కలు గూడ ముట్టయి."

గిర్రున తిరిగాను. ఎవరూ లేరు. బిడ్డకు అడ్డంగా వంగాను. అప్పుడు చూశాను: ప్లాస్టర్ ఊడి, ట్యూబు జారి ఉంది. ఛాతీ కదలడం లేదు. అరిచాను. నర్సు పరుగెత్తుకొచ్చాకే అలారం మోగింది. డాక్టరు మళ్లీ ట్యూబు వేశారు.

సాయంత్రం అత్తకు ఫోన్ చేస్తే నా పెద్ద కూతురు ఎత్తింది. ఉతకమని ఇంటికి పంపిన చెల్లెలి పొత్తిగుడ్డను, మధ్యాహ్నం బువ్వ తిన్నాక, నాయినమ్మ చేటలో పెట్టి కుప్ప మీద పెట్టిందట.

"ఏమని తిట్టింది?"

"ఎవనిక్కావలె ఈ పెంటది, కుక్కలు గూడ ముట్టయి అన్నదమ్మా. థూ అని ఊంచింది గూడ."

నిద్రలేక చెవులు మోగాయంటాడు నా భర్త. ఉండొచ్చు. కానీ తిడుతుందని తెలుసు తప్ప, ఏమని తిడుతుందో నాకెవరూ చెప్పలేదు. ఇదే కథ ఇంకొకరు చెబితే నవ్వి లేచిపోయేదాన్ని. పెంటకుప్పల మీద నాకు ఇవాళ్టికీ గౌరవం లేదు. పక్కన పడుకున్న పిల్ల ముక్కు దగ్గర మాటిమాటికీ వేలు పెట్టి చూస్తూ ఇది రాస్తున్నాను. ఆ గొంతు ఎక్కడిదో మాత్రం తెలియదు.

ట్యూబు జారిన మర్నాడు పొద్దున, ఇంటి దగ్గరున్న పెద్దపిల్లలిద్దరూ ఫోన్ చేశారు. చెల్లె మంచిగున్నదా అని వాడకట్టంతా అడుగుతోందట, ఏం చెప్పాలన్నారు.

"మంచిగున్నదనకుండ్రి," అన్నాను. "పెంటది, మాకద్దని చెప్పుండ్రి. గట్టిగ చెప్పుండ్రి."