ఇద్దరి మోకాళ్లు

అనంతపురంలో కాలేజీ టీముకు బాస్కెట్‌బాల్ ఆడి ఎడమ మోకాలు పాడుచేసుకున్న మల్లికార్జున, నలభయ్యో ఏట ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టరుగా తేలాడు. మొన్న ఆఫీసువాళ్లు కుర్రవాళ్లు కావాలని అతని కాంట్రాక్టు ఆపేశారు. అదే వారం ఊళ్లోని బాస్కెట్‌బాల్ క్లబ్బు, అతని ఈడువాడే అయిన స్టార్ ఆటగాడు మార్కస్‌కు మూడేళ్ల భారీ కాంట్రాక్టు ఇచ్చింది. అభిమానులు రెండుగా చీలిపోయారు. మల్లికార్జున ఇంట్లోనూ అంతే.

"ముసిలోనికి అంత దుడ్డు యాల?" అన్నాడతను.

"ఆడతాండాడు, ఇస్తాండారు," అంది భార్య భావన.

శనివారం ఇద్దరూ చూడ్డానికి వెళ్లిన మ్యాచ్‌ని మార్కస్ ఆఖరి సెకనులో బాస్కెట్ వేసి గెలిపించాడు. సగం మంది లేచి చప్పట్లు కొట్టారు. మిగతావాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. భావన లేచింది. మల్లికార్జున కడుపు మంటతో కూర్చునే ఉన్నాడు. ఎడమ మోకాలికి పట్టీతో, కుంటుతూ, మార్కస్ అందరికీ చెయ్యి ఊపుతూ వెళ్లాడు.

"పాపం, ఆ కాలితోనే ఎంత కష్టపడ్నాడో చూడు." భావన కళ్లు తుడుచుకుంది.

మల్లికార్జున రెయిలింగు పట్టుకుని, ఎప్పటికంటే కాస్త ఎక్కువగానే కుంటుతూ మెట్లు దిగసాగాడు. కిందికి చేరిన భావన వెనక్కి తిరిగి చూసింది.

"బిరబిరా దిగప్పా. పార్కింగ్ టైము అయిపోతాంది."